రెండో సిజేరియన్ అంటే పుట్టే భయాన్ని ఎలా ఎదుర్కోవాలి: బెంగళూరులోని తెలుగు తల్లుల కోసం

మొదటి కాన్పు సిజేరియన్ అయి, రెండోదీ సిజేరియనే అని డాక్టరు చెప్పిన రోజు నుంచి చాలామంది స్త్రీలకు కంటినిండా నిద్ర ఉండదు. ఇంట్లోవాళ్లు మాత్రం "ఒకసారి అయిందేగా, నీకు కొత్తేముంది" అని ధైర్యం చెప్పబోతారు. కొత్త కాదు కనుకనే ఆమెకు భయం. మొదటిసారి ఏం జరుగుతుందో తెలియకుండానే థియేటర్‌లోకి వెళ్లిన మనిషి, ఈసారి వెన్నులో సూది దగ్గర నుంచి మంచం దిగి మొదటి అడుగు వేయడం దాకా ప్రతిదీ ముందే తలచుకుంటూ నెలలు గడుపుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, కర్ణాటకలో 31.5 శాతం. ఇంత మామూలైపోయిన ఆపరేషన్‌కు భయపడుతున్నానని చెప్పుకుంటే వినేవాళ్లు కూడా తక్కువే.

ఈ భయాన్ని జాగ్రత్తగా గమనిస్తే, అది ఆపరేషన్ మొత్తం మీద ఉండేది కాదని, మొదటిసారి గుచ్చుకుని మిగిలిపోయిన రెండు మూడు ఘట్టాల మీదే ఉంటుందని తెలుస్తుంది. ఆ ఘట్టాలేవో తేల్చుకుని, ఒక్కొక్కదానికి బాధ్యులైన మనిషితో ముందుగానే మాట్లాడి ఏర్పాటు చేసుకోవడం మంచి మార్గం. దీనికి ఏడో నెల సరైన సమయం. తొమ్మిదో నెలలో డాక్టరు అపాయింట్‌మెంట్లు వరసగా ఉన్నా, తీరిగ్గా మాట్లాడే ఓపిక మీకే ఉండదు.

మొదటి ఆపరేషన్‌ను విడదీసి చూడడం

ఒక నోటు పుస్తకంలో మొదటి కాన్పు జరిగిన తీరును వరుసగా రాయండి. మీ మనసు ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ చేయి వణుకుతుందో అక్కడ గీత గీయండి. ఒకరికి సూది నాలుగైదు సార్లు గుచ్చడం గుర్తుంటుంది. ఇంకొకరికి కడుపులో ఎవరో లాగుతున్నట్టు తెలియడం, మరొకరికి బిడ్డను చూపించకుండానే తీసుకుపోవడం గుర్తుంటుంది. కొందరికి ఇవేవీ కాక, చేతులు పక్కలకు కట్టేసి ఉండగా పైన లైట్ల వంక చూస్తూ ఒంటరిగా పడుకున్న ఆ కాసేపే బాధ. "సిజేరియన్ అంటే భయం" అని డాక్టరుతో అంటే ఆమె ఓదార్పు మాట చెప్పగలదు. "పోయినసారి మందు పూర్తిగా పట్టకముందే కోత మొదలుపెట్టినట్టు నాకు తెలిసింది" అంటే చేయవలసిన పని ఏమిటో ఆమెకు అర్థమవుతుంది.

మొదటిది ఏ పరిస్థితిలో జరిగిందో కూడా రాసుకోవాలి. చాలామందికి అది గంటల తరబడి నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె చప్పుడు తగ్గిందనో, ఉమ్మనీరు పచ్చబడిందనో ఉన్నట్టుండి సంతకాలు పెట్టించుకుని చేసిన ఆపరేషన్. అప్పటికే తిండీ నిద్రా లేక ఒళ్లు అలిసిపోయి ఉంటుంది; వివరించి చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. ముందుగా తేదీ అనుకుని చేసే ఆపరేషన్‌లో ఈ తొందర సాధారణంగా ఉండదు. మీరు నడుచుకుంటూ లోపలికి వెళతారు, ప్రశ్నలు అడుగుతారు. పోయినసారి భయంలో ఎంత భాగం ఆ హడావిడిదో, ఎంత భాగం ఆపరేషన్‌దో విడదీసి చూసుకుంటే, ఎక్కువ పాలు హడావిడిదేనని చాలామందికి అర్థమవుతుంది.

ఆ తర్వాత పాత కాగితాలు సంపాదించాలి. మొదటి కాన్పు పుట్టింటి దగ్గర, ఏ ఒంగోలులోనో నెల్లూరులోనో జరిగి ఉంటే, డిశ్చార్జి సమ్మరీ మాత్రమే చేతిలో ఉంటుంది. ఆపరేషన్ నోట్స్ అడిగితేనే ఇస్తారు. వైద్యవృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, అయితే వాటిని భద్రపరచవలసిన కాలం 3 సంవత్సరాలే. కాబట్టి పెద్దబిడ్డకు మూడేళ్లు దాటకముందే నాన్నగారినో తమ్ముడినో పంపి నకలు తెప్పించుకోవడం మేలు. గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగానా, ఏ మత్తు ఇచ్చారు, రక్తం ఎంత పోయింది అన్న సంగతులు అందులో ఉంటాయి. ఇవి మీ ఇప్పటి డాక్టరుకూ అవసరమే.

నార్మల్ అవుతుందేమో అన్న సందేహాన్ని తేల్చుకోవడం

లోపల ఈ ప్రశ్న నలుగుతున్నంత కాలం భయం తగ్గదు, అందుకే దీన్ని ఒక్కసారి సూటిగా అడిగి తేల్చుకోవాలి. పాత కోత కింది భాగంలో అడ్డంగా ఉండి, ఒకే సిజేరియన్ అయి, ఇతర చిక్కులేవీ లేకపోతే నార్మల్ కాన్పుకు ప్రయత్నించే అవకాశం చాలామందికి ఉంటుంది. అలా ప్రయత్నించినవారిలో సుమారు నలుగురిలో ముగ్గురికి అది సాధ్యమవుతుంది. పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అందుకే ఏ వేళలోనైనా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. నిలువు కోత పడినవారికీ, మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముఖద్వారాన్ని కప్పి ఉన్నవారికీ సిజేరియనే క్షేమం. మీ విషయంలో సిజేరియన్ ఎందుకో కారణాన్ని డాక్టరు నోట విని నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత ఎవరైనా "మా అమ్మాయికి రెండోది నార్మలే అయింది" అని ఫోన్ చేస్తే, జవాబు మీ దగ్గర ఉంటుంది.

స్కాన్ రిపోర్టులో మాయ ఎక్కడ ఉందో కూడా అడగండి. పాత కుట్టు మీద మాయ అతుక్కోవడం అన్నది రెండో సిజేరియన్‌లో డాక్టర్లు నిజంగా చూసుకునే విషయం. అది పైన, కుట్టుకు దూరంగా ఉందని రిపోర్టు చెబితే ఆ ఒక్క దిగులు అక్కడితో వదిలేయవచ్చు.

మత్తు డాక్టరుతో ముందుగా మాట్లాడడం

నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా ఉపయోగపడే అరగంట ఇదే, ఎక్కువమంది జారవిడిచేదీ ఇదే. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షను పీఏసీ అంటారు. చాలా ఆసుపత్రుల్లో దాన్ని ముందు రోజో, అదే రోజు ఉదయమో ముగించేస్తారు. మీకు మొదటిసారి సూదితోనో మత్తుతోనో ఇబ్బంది అయి ఉంటే, ఒకటి రెండు వారాల ముందే ఆయనను కలిపించమని మీ డాక్టరును అడగండి. మీరు గీత గీసిన ఘట్టాల్లో సగం ఆయన చేతిలోనివే.

వెన్నులో సూది వేసేటప్పుడు కూర్చోబెట్టో, పక్కకు తిప్పి పడుకోబెట్టో వీపును విల్లులా వంచమంటారు. ముందు చర్మానికి మొద్దుబారే మందు ఇస్తారు, అది చురుక్కుమంటుంది. తర్వాతిది ఎక్కువగా ఒత్తిడిలా తెలుస్తుంది. కొద్ది నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి. మందు ఎంత పైదాకా ఎక్కిందో చల్లని స్ప్రేతోనో, గిల్లో పరీక్షిస్తారు. ఆ పరీక్ష పూర్తయి, మీకు నొప్పి తెలియడం లేదని చెప్పేదాకా కోత మొదలుపెట్టవద్దని ముందుగానే చెప్పి ఉంచండి. స్పర్శ, ఒత్తిడి, లాగుడు మాత్రం తెలుస్తాయి. మందు పనిచేస్తున్నా అవి ఉంటాయి. నొప్పి అయితే వెంటనే చెప్పాలి. అప్పుడు మందు పెంచే మార్గాలున్నాయి, చివరికి పూర్తి మత్తు ఇవ్వడమూ ఒక మార్గమే.

ఊపిరి అందడం లేదనిపించడం చాలామందిని హడలెత్తించే విషయం. ఛాతీ దగ్గర స్పర్శ మొద్దుబారడం వల్ల గాలి పీలుస్తున్న సంగతి మనకు తెలియదు గానీ, ఊపిరి ఆడుతూనే ఉంటుంది. మీరు మాట్లాడగలుగుతూ, నర్సు చేతిని గట్టిగా పట్టుకోగలుగుతూ ఉంటే భయపడవలసింది లేదు. అయినా ఆ మాట పైకి చెప్పాలి. రక్తపోటు పడిపోయినప్పుడు వికారం, కళ్లు తిరగడం వస్తాయి, దానికి వెంటనే మందు ఇస్తారు. పళ్లు టకటకలాడేంత వణుకు కూడా మామూలే, అది కాసేపటికి తగ్గుతుంది. పోయినసారి ఇవే జరిగి, ఎందుకో ఎవరూ చెప్పకపోవడం వల్ల "అప్పుడు చచ్చిపోయాననుకున్నాను" అని నేటికీ తలచుకునేవాళ్లున్నారు.

వెన్నులో సూది వల్లే జీవితాంతం నడుంనొప్పి వస్తుందని అత్తలూ పిన్నులూ చెప్పేదానికి అధ్యయనాల ఆధారం లేదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది. నార్మల్ కాన్పు అయినవారికి కూడా నడుంనొప్పి వస్తుంది. సూది తర్వాత కొద్దిమందికి లేచి కూర్చుంటే తలనొప్పి రావడం మాత్రం నిజం. ఇప్పటి సన్నని సూదులతో అది బాగా తగ్గింది, దానికి చికిత్స కూడా ఉంది.

థియేటర్ లోపల ఏం కావాలో రాసి ఇవ్వడం

ఒక్క పేజీ మించకుండా, మీ కోరికలను డాక్టరుకూ మత్తు డాక్టరుకూ రాసి ఇవ్వండి. భర్తను లోపలికి రానిస్తారా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది కనుక, పేరు నమోదు చేసుకునేటప్పుడే తేల్చుకోవాలి. చేతులు కట్టకుండా ఉండగలరా, ప్రతి దశలో ఏం చేస్తున్నారో చెబుతారా, బిడ్డ ఏడవగానే ముఖం చూపించి గుండెల మీద పెడతారా అన్నవి చాలాచోట్ల ఒప్పుకునే కోరికలే, ఎవరూ అడగరు కనుక చేయరు. బిడ్డ బయటికి రావడం కోత పెట్టిన కొద్ది నిమిషాల్లో జరుగుతుంది. రెండోసారి లోపల పొరలు అతుక్కుని ఉంటే మరికొంత సేపు పట్టవచ్చు. ఆ తర్వాత కుట్లు వేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ అరగంట చాలామందికి అన్నిటికన్నా పొడుగ్గా తోస్తుంది. బిడ్డ ఆ సమయంలో ఎక్కడ, ఎవరి దగ్గర ఉంటుందో ముందే తెలిస్తే మనసు నిలుస్తుంది.

బెంగళూరు ఆసుపత్రుల్లో కన్నడం, మలయాళం, తమిళం మాట్లాడే సిబ్బంది ఎక్కువగా తారసపడతారు. భయంలో నోట మాతృభాషే వస్తుంది కనుక, తెలుగు తెలిసిన నర్సు ఎవరైనా ఆ పూట దగ్గర ఉండగలరేమో అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఎవరూ లేకపోతే నొప్పికి నోవు, చలికి చళి అన్న కన్నడ మాటలు గుర్తుంచుకోండి. వాంతి ఎలాగూ రెండు చోట్లా వాంతే.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేయించే విషయం ఉంటే, నెల ముందే మీరూ మీ భర్తా నిర్ణయించుకుని డాక్టరుకు చెప్పండి. బల్ల మీద పడుకున్నాక అడిగే ప్రశ్న కాదది. అప్పుడే కాపర్‌టీ వేయించుకోవడం ఇంకొక దారి. ఏదైనా సమ్మతి మీదే కావాలి.

ముహూర్తం సంగతి

తేదీ మన చేతిలో ఉందనగానే ఊళ్లోని పెద్దలు పంచాంగం తీస్తారు. దీన్ని పూర్తిగా కాదంటే ఇంట్లో గొడవ, పూర్తిగా ఒప్పుకుంటే బిడ్డకు ఇబ్బంది. చిక్కులేవీ లేని రెండో సిజేరియన్‌ను సాధారణంగా 39 వారాలు నిండాక చేస్తారు. అంతకన్నా ముందు, నొప్పులు రాకుండా తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బందులు వచ్చి ఐసీయూలో పెట్టవలసి రావడం ఎక్కువ. కాబట్టి మొదట డాక్టరు చేత రెండు మూడు రోజుల గడువు చెప్పించుకుని, ఆ గడువులోని పగటి వేళల్లో మాత్రమే మంచి ఘడియ చూడమని సిద్ధాంతిగారిని కోరండి. తెల్లవారుజామున 3 గంటలకు ఘడియ కుదిరిందని ఒప్పుకోవద్దు. ఆ వేళ థియేటర్‌లో సిబ్బంది తక్కువగా ఉంటారు, ఏదైనా తేడా వస్తే ఆ లోటు తెలుస్తుంది. మామగారితో ఈ మాట భర్తే మాట్లాడాలి. గర్భిణి నెత్తిన వేయవలసిన పని కాదు.

అనుకున్న తేదీకి ముందే నొప్పులు మొదలవడం పదిమందిలో ఒకరికి జరుగుతుంది. అందుకు కూడా ఒక ఏర్పాటు ఉంటే ఆ దిగులు సద్దుమణుగుతుంది. వైట్‌ఫీల్డ్‌లోనో బెళ్లందూరులోనో ఉండి ఆసుపత్రి అవుటర్ రింగ్ రోడ్డుకు అవతల ఉంటే, సాయంత్రం 6 గంటల రద్దీలో ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూసుకోవాలి. నొప్పులు, ఉమ్మనీరు పోవడం, రక్తం కనపడడం, బిడ్డ కదలికలు తగ్గడం, పాత కుట్టు దగ్గర ఆగకుండా నొప్పి రావడం – ఇవి కనిపిస్తే ముహూర్తం దాకా ఆగకూడదు. ఆసుపత్రి నంబరు, 108 నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

పెద్దబిడ్డ, ఇల్లు

మొదటిసారి లేనిదీ, ఈసారి ఉన్నదీ ఇంట్లోని పెద్దబిడ్డ. చాలామంది తల్లులు ఆపరేషన్ బల్లను తలచుకుని ఏడవరు. ఆ మూడు నాలుగు రాత్రులు పాప తాను లేకుండా ఎలా పడుకుంటుందోనని ఏడుస్తారు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, ఏర్పాటు చేయవలసిన విషయం. అమ్మగారు విజయవాడ నుంచి రాత్రి బస్సులో వచ్చి మారతహళ్లిలో దిగేది ఆపరేషన్ ముందు రోజు అయితే, ఆ పిల్లకు అమ్మమ్మ కొత్త మనిషే. రెండు మూడు వారాల ముందే రప్పించి, స్నానం, అన్నం, నిద్ర అమ్మమ్మ చేతి మీదుగా అలవాటు చేయండి. ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు పసిబిడ్డ కన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. ఇంటికి రాగానే "అమ్మా ఎత్తుకో" అన్నప్పుడు కాదనవలసి వస్తుంది కనుక, మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని దగ్గరకు తీసుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేస్తే ఇద్దరికీ బాధ తగ్గుతుంది.

ఉద్యోగం చేసేవారికి మొదటి ఇద్దరు పిల్లల వరకు చట్టప్రకారం 26 వారాల సెలవు ఉంది, అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కనీసం ఒక వారం ముందుగా తీసుకోవడం మంచిది.

రాత్రిళ్లు

పగలు సర్దుకున్న మనసు రాత్రి 2 గంటలకు లేస్తుంది. అప్పుడు ఫోను తీసి సిజేరియన్ వీడియోలు చూడడం మానేయాలి. చూసిన ప్రతిదీ మీ కథలోకి వచ్చి చేరుతుంది. నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలడం ఐదు నిమిషాలు చేయండి. దీన్ని ప్రతిరోజూ పగలు కూడా చేస్తేనే థియేటర్‌లో పనికొస్తుంది. వచ్చిన ఆలోచనను నోటు పుస్తకంలో రాసి, అది ఎవరిని అడగవలసిన ప్రశ్నో పక్కన రాసిపెడితే, తెల్లవారాక చేయడానికి ఒక పని ఉంటుంది. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఇప్పటికే ఆందోళనకు మందులు వాడుతున్నవారు గర్భం వచ్చిందని వాటిని సొంతంగా ఆపేయకూడదు కూడా.

మొదటి కాన్పు కలల్లోకి వచ్చి లేపుతున్నా, ఆసుపత్రి దారిలో వెళ్లినా గుండె దడదడలాడుతున్నా, రెండు వారాలకు మించి తిండీ నిద్రా చెడినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది ఇంటి చిట్కాలతో తీరేది కాదు. ఈ ఊళ్లో ఉండడం వల్ల ఒక మేలుంది: హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో గర్భిణులకూ బాలింతలకూ ప్రత్యేక మానసిక వైద్య సేవ ఉంది, తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు కూడా 2009లో అక్కడ మొదలైంది. బయటికి వెళ్లే పరిస్థితి లేకపోతే, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆపరేషన్ తర్వాతి రోజులు

మంచం దిగే మొదటిసారి గురించి భయం ఉంటే, నొప్పి మందును నొప్పి వచ్చాక అడగకుండా, వేళ ప్రకారం ఇమ్మని ముందే చెప్పండి. మందు వేసుకున్న అరగంట గంట తర్వాత, పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆనుకుని లేవండి. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి. ఒక సంగతి ముందుగా తెలిస్తే మంచిది: రెండో కాన్పు తర్వాత పాలిచ్చేటప్పుడు గర్భసంచి ముడుచుకునే నొప్పి మొదటిసారి కన్నా ఎక్కువగా ఉంటుంది. కుట్లకు ఏదో అయిందని కంగారు పడతారు, కానీ అది గర్భసంచి తన పని తాను చేసుకోవడమే.

పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే కుట్లు మానవని పెట్టే పత్యం గురించి అమ్మగారితో ముందే మాట్లాడి, డాక్టరు చేత కూడా ఒక మాట చెప్పించండి. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు వంటివి కావాలి, పాలు పడడానికి నీళ్లు కావాలి. వెల్లుల్లి కారం, ధనియాల కారం ఆమె ఇష్టం వచ్చినంత పెట్టనివ్వండి. జ్వరం వచ్చినా, కుట్టు ఎర్రబడి నీరు కారినా, రక్తస్రావం ఉన్నట్టుండి పెరిగినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ పుట్టిన మొదటి వారంలో కారణం లేకుండా కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను చూస్తున్నా ఏమీ అనిపించకపోతే, ఆరో వారం చెకప్ దాకా ఆగకుండా ముందే డాక్టరుకు ఫోన్ చేయండి.